రెండో సిస్టం ఎక్కకపోతే ఫార్మాట్ కొట్టడమేనా?

చిత్తూరు జిల్లాలో ఏ మండల కేంద్రానికి వెళ్ళినా బస్టాండు పక్కన ఒక కంప్యూటరు దుకాణం, దాని ముందు ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకున్న ఒక కుర్రవాడు కనిపిస్తారు. డిగ్రీయో, పాలిటెక్నిక్కో చదువుతుంటాడు. "అన్నా, విండోస్ అట్లే వుండనీ, పక్కన లైనక్స్ కూడా ఎక్కించు" అని అడుగుతాడు. దుకాణదారు పెన్‌డ్రైవ్ పెడతాడు. పని మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో సందేశం వస్తుంది. దాన్ని చివరిదాకా చదివేవారు అరుదు. "ఇట్లయితే కాదు తమ్ముడూ, ఫార్మాట్ కొట్టేద్దాం" అంటాడు దుకాణదారు. కుర్రవాడు తల వూపుతాడు. దాంతోపాటే అక్క పెళ్ళి ఫోటోలు, నాన్న పాసుపుస్తకం స్కాను కాపీలు, నెలల తరబడి కూర్చుని రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు అన్నీ పోతాయి.

ఈ పద్ధతి మారాలి. రెండో ఆపరేటింగ్ సిస్టం ఎక్కకపోవడానికి కారణం సాధారణంగా డిస్కులో వుండదు, ఏదో ఒక సెట్టింగులో వుంటుంది. అదేమిటో చూడకుండా డిస్కు తుడిచేయడం, తలుపు తెరుచుకోలేదని గోడ పడగొట్టినట్లే.

గిరాకీ ఎందుకు వచ్చింది?

విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో నిలిపివేసింది. పేరు నమోదు చేసుకున్న సొంత వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇస్తామని అప్పట్లో ప్రకటించింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు వుండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఏవో కొన్ని తప్ప, 8వ తరంగానీ ఆ తర్వాతదిగానీ అయి వుండాలి. మన పిల్లల చేతుల్లో వున్నవేమో బెంగుళూరు కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ యంత్రాలు. చాలావరకు 6వ, 7వ తరానివి. అప్పో సప్పో చేసి కొన్నవి. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, ఎస్‌ఎస్‌డీ వేస్తే గుర్రంలా పరుగెడుతుంది. అలాంటిదాన్ని పాత ఇనుముకు వేయమంటే ఏ తండ్రి వేస్తాడు?

అందుకే లైనక్స్ మీద దృష్టి పడింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ సిస్టంకు కాణీ కట్టనక్కరలేదు. కంప్యూటరు కోర్సుల విద్యార్థులకు అది ఎటూ కావలసిందే.

అయితే విండోస్‌ను పూర్తిగా తీసేయవచ్చు కదా అని పట్నంలో వారు అడుగుతుంటారు. వారికేం, అడుగుతారు. ఇక్కడ కుర్రవాడు సాయంత్రం పూట డీటీపీ సెంటర్లో శుభలేఖలు కొట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుంటాడు. ఆ పని అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో నడుస్తుంది. అవి విండోస్ సరుకు. ఎరువుల దుకాణం లెక్కలు ట్యాలీలో వుంటాయి. కావున అతనికి రెండూ కావాలి. పాత విండోస్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా వుంచి ఆ పనులకు వాడుకుని, బ్యాంకు పని, దరఖాస్తులు, చదువు లైనక్స్‌లో చేసుకోవడం తెలివైన పద్ధతే.

తాళంచెవి ఎవరి దగ్గర వుంది?

అన్నింటికంటె ఎక్కువ నష్టం చేసేది బిట్‌లాకర్. డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవకుండా విండోస్ వేసే తాళం అది. వెనుకటి రోజుల్లో కావాలనుకున్నవారే వేసుకునేవారు. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళితే చాలు, చెప్పకుండానే పడిపోతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది మరింత విస్తరించింది. తన డిస్కుకు తాళం వున్న సంగతి యజమానికే తెలియదు.

ఈ తాళం వుండగా లైనక్స్ ఇన్‌స్టాలర్ ఆ భాగాన్ని కుదించలేదు. ఉబుంటు అయితే ముందుకు పోకుండా, విండోస్‌లోకి వెళ్ళి బిట్‌లాకర్ తీసి రమ్మని మర్యాదగానే చెబుతుంది. ఆ సందేశాన్ని చదవకుండా బయాస్‌లోకి పోయి సెక్యూర్ బూట్ తీయడం, అదీ ఇదీ మార్చడం చేస్తే, తర్వాత విండోస్ తెరిచినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అక్కడితో అందరి గుండెలు జారతాయి.

ఆ 48 అంకెలు మొదట ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో వుంటాయి. అసలు చిక్కంతా ఇక్కడే. పల్లెల్లో ఆ ఖాతా ఎవరిది? అమ్మిన దుకాణంవాడు పని తొందరగా కావాలని తన మెయిల్‌తోనే తెరిచి ఇచ్చి వుండవచ్చు. లేదా నెట్ సెంటర్లో అప్పటికప్పుడు ఒక ఖాతా సృష్టించి పాస్‌వర్డ్ మరచిపోయి వుండవచ్చు. కీ దొరకకపోతే మాత్రం ఆ సమాచారాన్ని ఏ మెకానిక్కూ వెనక్కి తేలేడు. తెస్తానని డబ్బు అడిగేవాణ్ణి నమ్మరాదు.

కాబట్టి పెన్‌డ్రైవ్ ముట్టకముందే ఆ కీ కాగితం మీద రాసుకోవాలి. ఆపైన సెట్టింగుల్లోకి వెళ్ళి డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆపాలి. తాళం పూర్తిగా వూడటానికి డిస్కును బట్టి గంటలు కూడా పట్టవచ్చు. ఛార్జర్ పెట్టే వుంచాలి. మన కరెంటు సంగతి తెలిసిందే కనుక బ్యాటరీ పోయిన యంత్రంతో ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

డిస్కే లేదంటుంది!

మరికొన్ని యంత్రాల్లో ఇన్‌స్టాలర్‌కు అసలు డిస్కే కనిపించదు. "డిస్కు పోయింది, కొత్తది వేయాలి" అనే మాట ఇక్కడ పుడుతుంది. విండోస్ అదే డిస్కు మీద నడుస్తున్నప్పుడు పోయిందని ఎలా అంటారో అర్థం కాదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతిలో డిస్కు అమర్చి వుండటమే దీనికి సాధారణ కారణం. బయాస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే నేరుగా మారిస్తే విండోస్ తెరుచుకోక నీలం తెర వేస్తుంది. ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, తర్వాత బయాస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి వచ్చి, మామూలు పద్ధతికి తేవాలి. పది నిమిషాల పని. ఈ వరుస తెలియక కొత్త డిస్కు కొనిపించిన ఉదంతాలు మన మధ్య వున్నాయి.

ఇక డిస్కులో చోటు చేయడం. సి డ్రైవ్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే కుదించడం క్షేమం. ఉబుంటు కనీసం 25 జీబీ అడుగుతుంది, 50 వదిలితే ఇరుకు వుండదు. సి డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ కనిపిస్తున్నా మూడు, నాలుగు జీబీలకు మించి కుదించనివ్వని సందర్భాలున్నాయి. కదలని ఫైళ్ళు మధ్యలో బైఠాయించడమే కారణం. హైబర్నేషన్, పేజింగ్ ఫైళ్ళను తాత్కాలికంగా తీసేసి మళ్ళీ చూస్తే చాలాసార్లు దారి ఇస్తుంది. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా అప్పుడే ఆపేయాలి. అది వుంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ నిజంగా ఆగదు, సగం నిద్రలో వుంటుంది. ఆ నిద్రలో వున్న డ్రైవ్‌లో లైనక్స్ నుంచి ఏమీ రాయనివ్వదు.

ఇన్‌స్టాలర్‌లో ఒక చోట మాత్రం వేలు పెట్టేముందు చూపు పెట్టాలి. విండోస్ పక్కన ఎక్కించాలా, డిస్కు మొత్తం తుడిచి ఎక్కించాలా అని అడుగుతుంది. పక్కన ఎక్కించే మాట అక్కడ కనిపించకపోతే రెండోది నొక్కమని కాదు అర్థం. పాత యంత్రంలో విండోస్ లెగసీ పద్ధతిలో వుండి, పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో తెరుచుకుంటే రెండూ పక్కపక్కన సరిగా కుదరవు. అటువంటప్పుడు పెన్‌డ్రైవ్‌ను తీసేసి, విండోస్ ఏ పద్ధతిలో వుందో చూసుకుని, అదే పద్ధతిలో మళ్ళీ తెరవాలి.

సొరుగులోని పాత పెన్‌డ్రైవ్

దుకాణాల సొరుగుల్లో ఎన్నో ఏళ్ళ నాటి లైనక్స్ పెన్‌డ్రైవ్‌లు పడి వుంటాయి. అందరికీ అదే పెడతారు. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను అడ్డుకుంది. రెండు సిస్టంలు వున్న యంత్రాలకు ఆ నిబంధన వర్తించదని కంపెనీ చెప్పింది. వాస్తవంలో అనేకచోట్ల వర్తించింది. భద్రతా నియమం ఉల్లంఘన జరిగిందని చెబుతూ లైనక్స్ తెరుచుకోవడం మానేసింది. దీన్ని సరిచేస్తూ 2025 మే నెలలో అప్‌డేట్ వచ్చింది. అందాకా యంత్రం చెడిందనుకుని తుడిచేసినవారు ఎందరో. కొత్తగా దించిన లైనక్స్‌తో పెన్‌డ్రైవ్ చేసుకుంటే ఈ బెడద సాధారణంగా వుండదు.

దించుకోవడమూ మనకు చిన్న పని కాదు. ఉబుంటు 24.04 ఫైలు దాదాపు 6 జీబీ. రోజుకు జీబీన్నర, రెండు జీబీల ఫోను డేటాతో దించితే ఎక్కడో తెగుతుంది. తెగిన ఫైలు చూడటానికి పూర్తిగానే కనిపించి ఇన్‌స్టాలేషన్ మధ్యలో మొరాయిస్తుంది. ఫైలుతోపాటు సైటులో ఇచ్చే చెక్‌సమ్‌ను సరిపోల్చుకుంటే అయిదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. ఎక్కించేముందు పెన్‌డ్రైవ్ మీదనే లైనక్స్‌ను నడిపి, వైఫై, సౌండు, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడవచ్చు. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లకు వైఫై వెంటనే రాదు. ఫోనును కేబుల్‌తో కలిపి నెట్ ఇస్తే డ్రైవర్ దిగుతుంది.

అన్నీ బాగా జరిగి, చివరికి ల్యాప్‌టాప్ నేరుగా విండోస్‌లోకే పోయిందనుకోండి. ఎక్కలేదని కాదు, వరుస మారలేదని అర్థం. డెల్, లెనోవోలలో ఎఫ్‌12, హెచ్‌పీలో ఎస్కేప్ ఆపైన ఎఫ్‌9 నొక్కి చూస్తే సాధారణంగా లైనక్స్ పేరు అక్కడే వుంటుంది. ఏసర్ యంత్రాలు కొన్ని బయాస్‌కు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, బూట్ ఫైలును నమ్మదగినదిగా గుర్తిస్తేగానీ ఒప్పుకోవు. కంపెనీలు వదిలేసిన యంత్రాల్లో ఆ పాస్‌వర్డ్ పాత కంపెనీదే వుండిపోయి వుంటుంది. అందుచేత సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడే బయాస్ తెరిచి చూపించమని అడగాలి. తెరవలేకపోతే కొనకూడదు.

విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతే కంగారు పడనక్కరలేదు. లైనక్స్ గ్రీన్‌విచ్ లెక్కన, విండోస్ మన లెక్కన గడియారాన్ని చదువుతాయి. లైనక్స్‌లో ఒక్క ఆదేశంతో సరిపోతుంది.

దుకాణదారుల మాట కూడా వినాలి

దుకాణదారులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. మూడు వందలు ఇచ్చి, మధ్యాహ్నం బస్సుకు పోవాలని కూర్చునే గిరాకీ ముందు రెండు గంటలు సమాచారం కాపీ చేస్తూ ఏ దుకాణదారు కూర్చుంటాడు? ఇంట్లో వీడియో చూసి సగం పని చేసి, చెడగొట్టి తెచ్చేవారూ వున్నారు. కాపీకి వేరుగా, ఇన్‌స్టాలేషన్‌కు వేరుగా ధర బోర్డు మీద రాసి పెడితే ఇద్దరికీ మంచిది. ఫోటోలు దక్కుతాయంటే మరో రెండు వందలు ఇవ్వనివారు వుండరు.

మన సరిహద్దుకు అవతల తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్‌తోపాటు సీడాక్ వారి బాస్ లైనక్స్‌ను కలిపి ఎక్కించి ఇచ్చారు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏనాడో లైనక్స్‌కు మారాయి. మన దగ్గర తెలుగులో లైనక్స్ తెచ్చేందుకు స్వేచ్ఛ వంటి సంస్థలు పనిచేశాయి. అయినా మండల స్థాయిలో ఒక విద్యార్థికి చిక్కు వస్తే అడగడానికి బస్టాండు దుకాణం తప్ప చోటు లేదు. డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల్లో ల్యాబులున్నాయి, నెట్ వుంది, చెప్పగల అధ్యాపకులున్నారు. నెలకు ఒక శనివారం సాయంత్రం ల్యాబు తెరిచి, పిల్లల ల్యాప్‌టాప్‌లు అక్కడే ఎక్కించుకోనివ్వడానికి కొత్తగా నిధులేమీ అక్కరలేదు. నాలుగు పెన్‌డ్రైవ్‌లు, కాపీకి ఒక పెద్ద హార్డ్ డిస్కు వుంటే చాలు. ప్రిన్సిపాళ్ళు ఈ విషయం ఆలోచించాలి.

ఆలోగా దుకాణానికి వెళ్ళేవారు ఒక చీటీ అడిగి తీసుకోవాలి. యంత్రం నంబరు, చేయించుకున్న పని, "సమాచారం తుడవకూడదు" లేక "తుడవడానికి ఒప్పుకున్నాను" అనే ఒక వాక్యం, ఇద్దరి సంతకాలు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సేవాలోపానికి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చింది. కానీ చేతిలో చీటీ ముక్క లేకుండా అక్కడికి వెళ్ళి, డిస్కులో ఏముండేదో నోటిమాటతో రుజువు చేయడం చాలా కష్టం.