ఊరందరికీ బీమా – డాక్ సేవకులకు మందుబిళ్ళ కరువు



గ్రామీణ తపాలా జీవిత బీమా 1995లో ప్రారంభమైనది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఆ పాలసీలు కట్టించేది గ్రామీణ డాక్ సేవకులు. కాని డాక్టరు వ్రాసిన చీటీ పట్టుకొని మందుల షాపు ముందు నిలబడిననాడు ఆ సేవకులకు అండగా నిలిచే బీమా ఏదీ లేదు. రైల్వే ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి ఉన్నది. తపాలా శాఖ రెగ్యులర్ ఉద్యోగికి 1954లో మొదలైన సి.జి.హెచ్.ఎస్. గాని, 1944 నాటి మెడికల్ అటెండెన్స్ నిబంధనలు గాని ఉన్నవి. డాక్ సేవకులకు ఈ రెండూ వర్తించవు.

వారు పూర్తికాలపు ఉద్యోగులు కారన్నది సర్కారు వాదన. ఆనాడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లుగా పిలువబడిన వీరు సివిల్ పోస్టులో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లోనే తీర్పు చెప్పినది. పోస్టు ఉన్నది, మందు లేదు! రక్తపోటు నాలుగు గంటల డ్యూటీ చేసి ఇంటికి పోతుందా? 65 ఏళ్ళు నిండేదాకా పని చేయించుకొనే ఏలినవారికి ఆ వయస్సులో వచ్చే జబ్బులు తెలియవా?

2018 జూలై 1 నుంచి అమలైన స్కేలులో నాలుగు గంటల పనికి అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టరుకు నిర్ణయించిన ప్రారంభ మొత్తం 10,000 రూపాయలు. దానికి జీతమన్న పేరైనా లేదు, అలవెన్సు అంటారు. కరువు భత్యం కలిపినా, భార్యాభర్తలిద్దరికీ నెలనెలా చక్కెర మందులు కొనవలసి వస్తే ముందుగా కోత పడేది మందుబిళ్ళలకే. రోజుకు రెండు వేసుకోవలసినవారు ఒకటితో సరిపెట్టుకొంటారు.

ఆయుష్మాన్ కార్డు ఉన్నది కదా అని కొందరంటారు. ఆ కార్డు 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు భరిస్తుంది. జీవితాంతం ఇంట్లో వేసుకొనే బిళ్ళ ఖర్చు భరించదు. మందు లేక పక్షవాతం వచ్చి మంచమెక్కిన తరువాత ఆదుకొంటామనుట ఏమి న్యాయం?

మందుల ధరల సంగతి మరొకటి. 1979 ఉత్తర్వు 347 మందులను నియంత్రణలో ఉంచినది; 1995 నాటికి వాటిని వందలోపుకు కుదించారు. 2013 ఉత్తర్వు ఉత్పత్తి ఖర్చును లెక్క నుంచే తొలగించి, మార్కెట్లోని బ్రాండ్ల సగటు ధరకు 16 శాతం చిల్లర మార్జిన్ చేర్చి గరిష్ఠ ధరగా నిర్ణయించినది. కంపెనీలు పెంచుకొన్న ధరనే కొలబద్ద చేయుట నియంత్రణ అనిపించుకోదు. టోకు ధరల సూచీ పేరిట 2023 ఏప్రిల్‌లో 12 శాతానికి పైగా పెంపునకు అనుమతి ఇచ్చిన సంగతి మేము మరువలేదు.

అందువలన మేము డిమాండు చేస్తున్నాము: డాక్ సేవకులకు, వారి కుటుంబాలకు మెడికల్ అటెండెన్స్ నిబంధనలు వర్తింపజేయాలి, బయటి రోగిగా కొనే మందుల ఖర్చు తిరిగి చెల్లించాలి, మందుల ధరలను ఉత్పత్తి ఖర్చు ఆధారంగా నిర్ణయించాలి.

రెగ్యులర్ ఉద్యోగులకు ఒక్క మాట. ఇది పక్కవారి కష్టమని మనం ఊరకుంటే, రేపు మన వైద్య సౌకర్యాలపై వేటు పడిననాడు మన పక్కన నిలిచేవారుండరు. ఈ డిమాండును ప్రతి బ్రాంచి మహాసభలో తీర్మానంగా ఆమోదించి పంపవలసినదిగా కోరుతున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!