జాతీయము వెనుక మిగిలిన కథ

జాతీయముల పట్టికను విద్యార్థులు కంఠస్థము చేయుట మన పాఠశాలలలో పరిపాటి. ‘భగీరథ ప్రయత్నము’ అనగా గొప్ప ప్రయత్నము. ‘సైంధవుడు’ అనగా అడ్డుపడువాడు. పరీక్షలో మార్కులు వచ్చును. అర్థము తెలిసినది గదా, కథ తెలియకున్న కొరత యేమని అడుగువారు కలరు. పురాణకథలు ఉద్యోగము నీయవు, కడుపు నింపవు. నిజమే. కాని దినదినము మన నోట మెదలు మాటలను పూర్తిగా అనుభవించుట చిన్న లాభమైనను లాభమే. జాతీయము కథలో సగమును మాత్రమే పట్టుకొనును. తక్కిన సగము కథ నెరిగినవానికే దక్కును.

తరగతిలో కోతలు కోయు బాలుని ‘ఉత్తరకుమారు’డనుట మనకు అలవాటు. 13వ శతాబ్దమున తిక్కన తన భారతరచనకు శ్రీకారము చుట్టిన విరాటపర్వములోనివాడే ఈ రాకుమారుడు. అంతఃపురకాంతల యెదుట ప్రగల్భములు పలికి, కౌరవసేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. జాతీయము అక్కడనే ఆగినది, కథ ఆగలేదు. బృహన్నల వేషముననున్న అర్జునుడు వానిని పట్టి తెచ్చి, ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చెను. పారిపోయిన ఆ బాలుడే భీష్మద్రోణులున్న సేన కెదురుగా రథము తోలెను. ఇది యెరిగిన ఉపాధ్యాయుడు పిల్లవానిని ఎత్తిపొడిచి ఊరకుండలేడు. పగ్గములు చేతికిచ్చు బాధ్యతయు తనదేయని తలచును.

మంచిపనికి అడ్డు తగిలినవానిని ‘సైంధవు’డందుము. పద్మవ్యూహము చొచ్చిన అభిమన్యుని వెనుక పాండవులు పోకుండ అడ్డగించినవా డతడు. అర్జునుడు తప్ప తక్కిన నలుగురిని ఒక్కనాడు మాత్రమే నిలువరింప గల వరము శివు డతని కిచ్చెను. అది యుద్ధమున 13వ దినము; 14వ దినమున అతడు అర్జునుని చేత హతుడయ్యెను. అడ్డంకికి గడువు కలదను ఊరట ఈ కథలో నున్నది. అయినను అభిమన్యుడు తిరిగి రాలేదు. ఒక్క దినపు అడ్డంకి ఎంత నష్టము చేయగలదో కూడ ఈ కథయే చెప్పును.

ఇక భగీరథుడు. కపిలుని కోపాగ్నిలో భస్మమైన 60,000 మంది సగరపుత్రులకు సద్గతి కలుగుటకై గంగను తేవలెనని అంశుమంతుడు తపస్సు చేసి గతించెను. అతని కుమారుడు దిలీపుడు ఉపాయము తోచక ఆ చింతతోనే గతించెను. దిలీపుని కుమారుడైన భగీరథుడు సాధించెను. కనుక ఈ మాటకు ‘గొప్ప ప్రయత్నము’ అనుట చాలదు. తాతతండ్రులు చేయలేక విడిచిన పనిని చేపట్టి ముగించుట దీని పూర్తి అర్థము. తన ఇంట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన విద్యార్థికి ఈ మాట ఎంత దగ్గరిది!

ఈ కథలను నమ్మవలెనా యను ప్రశ్న వేరు. తెలుగు మాటాడు బిడ్డ ఏ మతమువాడైనను ఈ మాటలు వాని సొత్తు. వాని సొత్తును వానికి పూర్తిగా అప్పగించుట మన విధి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. పట్టికను తొలగింప నక్కరలేదు. దినమునకు ఒక్క జాతీయము తీసికొని, ముందు ఐదు నిమిషములు కథ చెప్పి, పిదప అర్థము వ్రాయింపుడు. విద్యార్థులు ఇంటికి పోయి పెద్దలనడిగి ఆ కథను మరల చెప్పించుకొందురు గాక.