లైక్ బటన్‌కు మెటా గుడ్‌బై.. కంపెనీ వెబ్‌సైట్లు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే!

కంపెనీ వెబ్‌సైట్ అంటే ఒకప్పుడు అడ్రస్, ఫోన్ నంబర్, నాలుగు ఫొటోలు.. అంతే. 2010 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ తన లైక్ బటన్‌ను బయటి వెబ్‌సైట్లకూ ఇవ్వడంతో సీన్ మారిపోయింది. చీరల షాపుల నుంచి న్యూస్ పోర్టళ్ల దాకా చాలామంది ఆ బటన్ పెట్టేశారు. తర్వాత కామెంట్ బాక్సులు, ట్వీట్లు, ఇన్‌స్టా ఫొటోలు కూడా సైట్లలోకి వచ్చేశాయి.

అయితే బయటి సైట్లలోని లైక్, కామెంట్ ప్లగిన్లను ఆపేస్తామని 2025 నవంబర్‌లో మెటా ప్రకటించింది. అందుకు 2026 ఫిబ్రవరి 10ని తేదీగా పెట్టింది. ఫేస్‌బుక్ యాప్‌లో లైక్ అలాగే ఉంటుంది. బయటి సైట్లలో మాత్రం బటన్ ఉండాల్సిన చోట ఖాళీయే. సైట్‌కు వచ్చిన ఇబ్బందేమీ లేదు. కానీ కస్టమర్ల అభిప్రాయాలకు ఆ కామెంట్ బాక్సునే నమ్ముకున్నవారి సంగతేంటి? ఏళ్ల తరబడి పోగైన మాటలన్నీ పేజీ మీద కనిపించకుండా పోతాయి.

ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు. ఎంతమంది షేర్ చేశారో చూపించే లెక్కను ట్విటర్ 2015లోనే తీసేసింది. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించడంతో టిక్‌టాక్ వీడియోలు పెట్టుకున్న పేజీలు బోసిపోయాయి. ఫొటోలను సైట్లలో చూపించేందుకు చాలామంది వాడిన ఒక ఏపీఐని ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబర్‌లో మూసేసింది. ప్రతిసారీ నిర్ణయం ఎవరిదో.. నష్టం మాత్రం సైట్ ఓనర్‌ది.

డేటా బాధ్యత ఎవరిది?

ఇంకో చిక్కు కూడా ఉంది. లైక్ నొక్కకపోయినా, పేజీ తెరిస్తే చాలు.. చూసినవారి ఐపీ అడ్రస్ లాంటి వివరాలు ఫేస్‌బుక్‌కు వెళ్లొచ్చు. జర్మనీకి చెందిన ఫ్యాషన్ ఐడీ అనే బట్టల సైట్ కేసులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2019లో దీనిపై తేల్చి చెప్పింది. ఆ వివరాల సేకరణ, పంపకం వరకు సైట్ ఓనర్‌కూ బాధ్యత ఉంటుందని స్పష్టం చేసింది. మన దగ్గర 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై అయ్యాయి. యూజర్ సమ్మతికి సంబంధించిన ప్రధాన నిబంధనలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అంటే సైట్లు సర్దుకోవడానికి ఉన్న టైమ్ తక్కువే.

మరి ఏం చేయాలి?

అలాగని సోషల్ మీడియాను వదిలేయమని కాదు. జనం ఉన్నది అక్కడే. కాకపోతే అసలు వీడియో, ఫొటో సొంత సైట్‌లో ఉండాలి. రివ్యూలు సొంత డేటాబేస్‌లో సేవ్ అవ్వాలి. ఇన్‌స్టాకు, యూట్యూబ్‌కు మామూలు లింకులు ఇస్తే సరిపోతుంది. పేజీలోనే వీడియో చూపించాలనుకుంటే, యూజర్ నొక్కాకే లోడ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. పేజీ కూడా త్వరగా తెరుచుకుంటుంది.

అద్దె షాపులో గిరాకీ ఎంత బాగున్నా, ఖాతా పుస్తకం మాత్రం ఓనర్ చేతికి ఇవ్వరు కదా! వెబ్‌సైట్ విషయంలోనూ లెక్క అదే.