కొండ మీద దీపం, కెరటాల మీద జింక

మా రెండోవాడు మొన్న పత్రికలో ఒక బొమ్మ చూసి, "నాన్నగారూ, యుద్ధనౌకకు జింక గుర్తేమిటి? సింహమో పులో ఉండాలి గాని! జింక పారిపోయే జంతువు కదా?" అన్నాడు.

వాడు చూసినది 2021 నవంబరు 21న ముంబయిలో మన నౌకాదళంలో చేరిన 'విశాఖపట్నం' అనే నౌక తాలూకు చిహ్నం. నీలం, తెలుపు కెరటాల మీద ఒక దీపస్తంభం, ఒక కృష్ణజింక. దీపస్తంభం విశాఖలో సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండకొమ్ము మీదది. ఆ కొమ్ముకు తెల్లవాళ్లు డాల్ఫిన్ ముక్కు అని పేరు పెట్టారు. జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

పిల్లవాడి ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. అసలీ గుర్తులు దేనికి? ఐరోపాలో ఇనప తొడుగులో నిలువునా మునిగిన వీరుడెవరో పోల్చుకోవడానికి డాళ్ల మీద బొమ్మలు వేశారు. మనకిది కొత్త కాదు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవవీరుల ముఖాలు చూపించలేదు, జెండాలు చూపించాడు. బంగారు వేదిక ద్రోణుడిది, సింహపు తోక అశ్వత్థామది, పాము దుర్యోధనుడిది, తాడిచెట్టు భీష్ముడిది. తిక్కనగారి ఆ సీసపద్యం ఒకప్పుడు బడిపిల్లలకు కంఠస్థం. చూడండి, భీష్ముడంతటివాడికి గుర్తు చెట్టు! క్రూరమృగమే కావాలని ఎవరూ పట్టుబట్టలేదు.

ఓడల సంగతికి వస్తే, బ్రిటిషు నౌకాదళం 1918లో ఒక సంఘాన్ని వేసి ఓడకొక చిహ్నం నిర్ణయించడం మొదలుపెట్టింది. చిహ్నం నెత్తిన ఒక కిరీటం, దాని అంచున ఒక తెరచాప, ఒక ఓడ వెనుకభాగం, మళ్లీ ఒక తెరచాప. మనకూ ఆ పద్ధతే సంక్రమించింది. దేశం గణతంత్రమయ్యాక కిరీటం దిగిపోయి, ఆ చోట అశోకుడి సింహాలు ఎక్కి కూర్చున్నాయి. కనుక మావాడు అడిగిన సింహాలు ఉండనే ఉన్నాయి, పైన!

నా మట్టుకు నాకు దూరాన్నుంచి ఒక్క చూపుకు అందే గుర్తే గుర్తు. 'మైసూరు' నౌకది గండభేరుండం. 1957లో వచ్చిన పాత నౌకకూ అదే, 1999లో వచ్చిన కొత్తదానికీ అదే. ఓడ పోయినా గుర్తు పోలేదు. 'కోల్‌కతా' నౌకకు పులి చాలక వెనకాల హౌరా వంతెన కూడా తెచ్చారు. వంతెనలూ దీపస్తంభాలూ చేరేసరికి చిహ్నం కాస్తా యాత్రికులు కొనుక్కునే బొమ్మకార్డులా అవుతుంది. ఈ మాట విశాఖవారికి కోపం తెప్పించినా సరే.

జింక మాటో? కృష్ణజింక తిరుగాడే నేలే యజ్ఞానికి తగిన నేల అని మనుస్మృతి. ఒడుగునాడు వటువుకిచ్చేది దాని చర్మమే. వాయుదేవుడికి వాహనం జింక. గాలికి వాహనమైనది ఓడకు గుర్తు కావడంలో వింతేముంది? చిత్రకారుడు ఇంత ఆలోచించి వేశాడని నేననను. రాష్ట్ర జంతువు కనుక వేసి ఉంటాడు.

కాని పారిపోవడం సంగతి మాత్రం ఆ నౌక నినాదంలోనే ఉంది. 'కీర్తి గడించు' అని దాని అర్థం. గీతలో పదకొండో అధ్యాయంలో కృష్ణుడన్న మాట. ఎవరితో? విల్లు కింద పడేసి, యుద్ధం చేయనని కూర్చున్న అర్జునుడితో. ఆ అర్జునుడే అంతకుముందు, రథం దిగి పరుగెత్తిన ఉత్తరుణ్ణి పట్టి తెచ్చాడు. ఇది చెబితే మావాడు కాసేపు మాట్లాడలేదు.

తరవాత, "అయితే ఆ ఓడ విశాఖలో ఉంటుందా?" అన్నాడు. లేదు. అది పడమటి నౌకాదళంలో ఉంది, ముంబయి దాని రేవు. అందులో పనిచేసేవారిలో మన కొండ దీపాన్ని ఆ చిహ్నంలో తప్ప చూడనివారూ ఉండవచ్చు. 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి మండుతున్న 'మార్లిన్ లువాండా' అనే సరుకు ఓడకు సాయం వెళ్లింది ఈ నౌకే. మంటలార్పే మనుషుల్నీ సామగ్రినీ పంపింది. ఆ ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. మంటలు ఆరాయి.