పాతబొమ్మలకు శత్రువు లెవరు?

ఈనడుమ మా మిత్రులు కూడినచోట నెల్ల నొక విలాపము వినవచ్చుచున్నది. మన చిన్ననాటి టామ్, జెర్రీలు ఏరీ? మిక్కీ ఏడీ? ఇప్పటి పిల్లలకు ఛోటా భీముడు, డోరేమాన్, యూట్యూబులోని పాటలబొమ్మలు తప్ప మఱేమియు నక్కఱలేదు. మంచివన్నియు నడుగంటినవి, చెడ్డవన్నియు నందల మెక్కినవి యని వారి వాదము. వీరందఱును చదువుకొన్నవారు, సంస్కారమన్న చెవి కోసికొనువారు. అట్టివారే బొమ్మల ప్రసంగము వచ్చునప్పటికి తాతలు త్రాగిన నేతికై మూతులు వాసన చూపువారి తెగలో చేరుట చూచి మాకు నవ్వును జాలియు నొక్కమాఱే కలుగుచున్నవి. పాతబొమ్మలు క్రొత్తవాని పోటీకి నిలుచునా యన్నది ప్రశ్న. నిలుచునని మా నమ్మకము. నిలువనియెడల నేరము పిల్లలది కాదు, క్రొత్తబొమ్మలది కాదు, పెద్దలమైన మనది. దీనిని స్థాపించుటకే యీ వ్యాసము.

ముందుగా మేము కన్నులార చూచినదానిని చెప్పెదము. మేము పనిచేయు పాఠశాలలో శిశుతరగతి గోడమీద మిక్కీ బొమ్మ యొకటి రంగులతో వ్రాయబడియున్నది. ఒకదినము ఆ తరగతి యుపాధ్యాయురాలు రానందున మే మచ్చట కూర్చుండవలసివచ్చినది. బొమ్మను చూపి "ఇతడెవరు?" అని యడిగితిమి. "మిక్కీ మౌస్ సార్!" అని యందఱును అఱచిరి. "ఏమి చేస్తాడు?" అంటిమి. తరగతి నిశ్శబ్దమైనది. కొంతసేపటికి ఒక పిల్ల లేచి, "నా వాటర్ బాటిల్ మీద ఉంటాడు సార్" అన్నది.

ఆ యుత్తరమును మించిన విమర్శను మే మెచ్చటను చదువలేదు. మిక్కీకి పేరు కలదు, రూపు కలదు, అంగడిలో చలామణి కలదు. ఆ బిడ్డ యెఱిగిన కథ మాత్రము లేదు. కథ పోయి రూపము మిగిలిన పాత్ర మూలవిరాట్టు లేని గుడివంటిది. గోపురము దూరమునకు కనబడును. లోపల మ్రొక్కుట కెవరును లేరు.

ఈ దురవస్థ క్రొత్తబొమ్మలవలన వచ్చినదా? చరిత్ర చూతము. 1928 నవంబరు 18వ తేదీని న్యూయార్కు నగరమందలి కాలనీ థియేటరులో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ యను చిత్రము ప్రదర్శింపబడినది. వాల్ట్ డిస్నీయు, ఆతని సహచరుడగు చిత్రకారుడు అబ్ ఐవర్క్సును కల్పించిన యా మూషికము వట్టి యాకతాయి. పిల్లి తోక లాగి కూయించును. ఆవు పండ్లను వాద్యమువలె వాయించును. జనులు విఱగబడి నవ్విరి. కీర్తి పెరిగినకొలదిని ఆతనికి పెద్దమనిషితనము పైబడినది. తల్లిదండ్రులు తప్పుపట్టుదు రని యజమానులు ఆతని యల్లరిని ఒక్కొక్కటిగా కోసివేసిరి. కోపము 1934లో పుట్టిన డొనాల్డు బాతునకు పోయినది. వెఱ్ఱితనము గూఫీకి పోయినది. మిక్కీకి మిగిలినది చిఱునవ్వొక్కటియే. 1953లో ‘ది సింపుల్ థింగ్స్’ అనుదానితో సినిమాశాలలకై క్రమముగా వెలువడుచుండిన ఆతని చిత్రములు నిలిచిపోయినవి. అప్పటికి డోరేమాన్ లేడు, పోకెమాన్ లేడు, ఛోటా భీముని యూసే లేదు. మిక్కీని గద్దె దింపినది పోటీ కాదు, మర్యాద. 2013 మొదలు పాల్ రుడిష్ అను చిత్రకారుడు చిన్న చిన్న చిత్రములలో ఆ పాత యల్లరిని తిరిగి యిచ్చినప్పుడు మిక్కీకి మరల ప్రాణము వచ్చినది. బొంబాయి వీథులలో ఆటోబండి నడుపుచు తిరిగిన మిక్కీని చూచిన పిల్లలు వీడు నీళ్లసీసామీది బొమ్మ యని యనరు.

పోటీవలన నెవరును చెడలేదా యని మీ రడుగవచ్చును. చెడినవారు కలరు. 1919లో పుట్టిన ఫీలిక్సు అను నల్లపిల్లి మూకీచిత్రముల కాలమున సార్వభౌమత్వము నెఱపినది. ఒట్టో మెస్మర్ దానికి రూపకర్త. పాట్ సల్లివాన్ కార్యాలయమునకు యజమాని. చిత్రములకు మాట వచ్చినప్పుడు ఆ యజమాని సందేహించుచు కూర్చుండెను. మాటతో, పాటతో వచ్చిన మిక్కీ ఆ పీఠమెక్కెను. 1958లో టెలివిజనులో ఫీలిక్సునకు మరల బ్రతుకు దొరకినను ఆ తొల్లింటి వైభవము రాలేదు. ఫీలిక్సును ఓడించినది మిక్కీ యనుట సగము సత్యము. క్రొత్త సాధనమును సకాలమున నేర్చుకొనని జాగు రెండవ సగము. నేడు మనవారు సనాతనుడని కొలుచుచున్న మిక్కీయే నాటి క్రొత్త ప్రత్యర్థి యని మఱవకుందురు గాక.

ఇక టామ్, జెర్రీల సంగతి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా యను నిరువురు 1940 ఫిబ్రవరిలో తొలి చిత్రమును వెలువరించిరి. అందు పిల్లికి టామ్ అను పేరైనను లేదు, జాస్పర్ అని పిలిచిరి. పిదప నీ జంటకు ఏడు ఆస్కారు బహుమానములు వచ్చినవి. 1957లో మెట్రో గోల్డ్విన్ మేయరు కంపెనీవారు తమ బొమ్మలశాలను మూసివేసిరి. తరువాత ప్రేగు నగరమున జీన్ డైచ్ పదుమూడు చిత్రములను, చక్ జోన్సు ముప్పదినాలుగు చిత్రములను తీసిరి. ఇన్ని చేతులు మాఱియు నేటికి తెలుగువారి యిండ్లలో ఆ పిల్లి పెనముతో దెబ్బతిన్న ప్రతిసారి ముసలివారు పిల్లలు నొక్కటిగా నవ్వుచున్నారు. కారణము లేకపోలేదు. ఆ పాత్రలకు మాటలతో పని లేదు. స్కాట్ బ్రాడ్లీ కూర్చిన సంగీతమే వారి మాట. ఇంగ్లీషు రాని అమ్మమ్మకును హిందీ రాని మనుమనికిని అది సమానముగ తెలియును. మఱియు వారి దోషములను ఎవరును దిద్దలేదు: టామ్ పేరాసపోతు, జెర్రీ కొంటె. ఆ దోషములే వారి ప్రాణము. 1992లో నొక పెద్దచిత్రమున ఆ రెంటికి నోరిచ్చి, వైరము మాన్పి, స్నేహితులను జేసి పాటలు పాడించిరి. జనులు దానిని ఆదరింపలేదు. అప్పుడును వారిని కూల్చినది పరుల పోటీ కాదు, స్వజనుల సంస్కరణ. సంస్కర్తలమని చెప్పుకొను మనము సైతము ఎఱుగవలసిన పాఠ మిది: జీవము పోవునట్లు చేయునది సంస్కారము గాదు.

క్రొత్తవారని మనము ఆడిపోసికొనువా రెంతటి క్రొత్తవారో చూతము. డోరేమాన్ 1969 డిసెంబరులో జపాను దేశపు పిల్లలపత్రికలలో పుట్టెను. నలువదులలోనున్న మాకంటె వయసున పెద్దవాడు. సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో గతించినను నోబితా నేటికిని పరీక్షలో సున్న తెచ్చుకొనుచునే యున్నాడు. ఆతనిని తెలివిగలవానిగా జేయవలెనను దుర్బుద్ధి జపానువారికి పుట్టలేదు, అందుచేతనే నిలిచినాడు. ఛోటా భీము డన్ననో, మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థలో రాజీవ్ చిలక గారి చేతిమీదుగా పుట్టి 2008లో పోగో చానలులో నడకసాగించినాడు. ఆ సంస్థవారే 2019లో నెట్‌ఫ్లిక్సుకొఱకు భీముని పసిపాపగా చేసి, ఇంచుమించు మాటలే లేకుండ నొక వరుసను తీసిరి. దేశదేశముల పిల్లలు దానిని చూచిరి. ఆ పాప పాకుచు పడుచు లేచుచు నవ్వించు విద్య మూకీచిత్రముల నాటి పెద్దలు నేర్పినదే. శిష్యుడు గురువు విద్యను నిలుపుచుండగా గురువునకు శత్రువని మొఱపెట్టుట యెక్కడి న్యాయము?

మా యింటి కథయు నిట్టిదే. 1995లో కార్టూన్ నెట్‌వర్కు భారతదేశమునకు వచ్చినది. మాకు కేబులు లేకపోవుటచే ప్రక్కయింటి వసారాలో నిలుచుండి టామ్, జెర్రీల పరుగు చూచెడివారము. మా తండ్రిగారు ‘చందమామ’ భక్తులు. "ఆ పిల్లీ ఎలుకల గోల నీకెందుకురా? భేతాళకథ చదువుకో, బుద్ధి వస్తుంది" అని మందలించెడివారు. వారి చిన్నతనమున మా తాతగారు ఆ చందమామనే చూచి, "బొమ్మలు చూస్తే చదువొస్తుందటరా?" అని పరిహసించిరట. నేడు మేము మా బిడ్డను మందలించుచున్నాము. మూడు తరములు, ఒకటే మందలింపు!

పాతవన్నియు బంగార మనువారిని ఇంకొకమాట యడుగుదుము. టామ్, జెర్రీల తొలిచిత్రములలో ముఖము కనబడని నీగ్రో పనికత్తె యొకతె యుండెడిది. ఆమె యాసయు నడకయు పరిహాసమునకే యుంచబడినవి. ఆ దేశపు నల్లజాతివారు ఆ కాలముననే యభ్యంతరము చెప్పిరి. 2014లో అమెజాన్ సంస్థవారు ఆ చిత్రములకు ముందు హెచ్చరికను చేర్చిరి. దానిని దాచుమని మే మనము. బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఇది తప్పు, అప్పటివారు తెలిసియు చేసినా రని చెప్పుట మన పని. అదే కొలబద్దను క్రొత్తవానికిని పెట్టవలెను. ఛోటా భీముని కథలో దౌష్ట్యము చేయు పిల్లవానికి కాలియా యని పేరు. ఆ హిందీ మాటకు నల్లవాడని యర్థము. నలుపును దౌష్ట్యముతో ముడిపెట్టు పేరు పెట్టుట, పెండ్లిచూపులలో చామనచాయ పిల్లను చూచి మొగము త్రిప్పుకొను మన దేశమున, చిన్న తప్పు కాదు. పాతదాని దోషమునకు ప్రాచీనత, క్రొత్తదాని దోషమునకు వినోదము సాకు కారాదు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో నీ తగవునే తీర్చియున్నాడు. భాసాదులు ప్రసిద్ధులై యుండగా నిప్పటి కవియందు మీకేల యాదరమని యొకడడుగును. పరీక్షించి గ్రహించుట వివేకుల లక్షణమని సూత్రధారుడు బదులిచ్చును. ఆనాటి క్రొత్త కాళిదాసు నేడు మనకు పాతలకెల్ల పాత. భాసుడో, నామమాత్రముగ మిగిలి, 1912లో టి. గణపతిశాస్త్రిగారు తిరువనంతపురమున ప్రకటించువఱకు లోకమునకు కానరాలేదు. ఆయనను మఱుగుపఱచినది కాళిదాసు ప్రతిభ కాదు. ప్రతులు వ్రాయించి ప్రచారముచేయు పోషకులు కొఱవడుట. ఆతనివిగా ప్రకటింపబడిన నాటకములలోని అంకములు కేరళదేశపు నటుల యాటలో మాత్రము బ్రతికియుండెను. ఆడినది బ్రతుకును, పెట్టెలోనిది చెడును.

పెట్టెకు తాళములు వేయువారు నేడును కలరు. 1998లో అమెరికావారు చట్టము చేసి, కంపెనీల చేతనున్న కృతుల గ్రంథస్వామ్యమును ప్రకటనమునుండి 95 ఏండ్లకు పొడిగించిరి. అందుచేత 1928 నాటి మిక్కీ రూపము 2024 జనవరి 1న గాని ఆ దేశమున సర్వజనుల సొత్తు గాలేదు. విడుదలైన వెంటనే కొందఱు దానితో భయానకచిత్రములు తీయబూనిరి. అవి వచ్చిన త్రోవనే పోవును. ఎవడో యొక ప్రతిభావంతుడు రేపు దానికి క్రొత్త కథ చెప్పును. రామకథ యెందఱి చేతులలో పడి యెన్ని రూపములెత్తి నిలిచినదో తెలిసిన మనకు ఈ విషయమున భయమేల?

కడపట మా తప్పును మేమే యొప్పుకొనెదము. ఒకనాటి సాయంకాలము మా చిన్నపిల్ల చేతిలోని రిమోటు లాగికొని, 1935 నాటి ‘ది బ్యాండ్ కన్సర్ట్’ అను మిక్కీచిత్రమును పెట్టి, చూడుమని యాజ్ఞాపించితిమి. రెండు నిమిషములు గడచినవి. "నాన్నా, నన్ను చూడమని నువ్వు ఫోను చూస్తున్నావేం?" అన్నది. సిగ్గుపడి ఫోను ప్రక్కనబెట్టి దానితోగూడ చూచితిమి. సుడిగాలి వచ్చి వాద్యగాండ్రనందఱిని ఆకాశమున గిఱగిఱ త్రిప్పుచుండగా మిక్కీ తాళము తప్పక వాయింపించుచునే యుండెను. పిల్ల పకపక నవ్వి, "మళ్లీ పెట్టు నాన్నా" అన్నది. తొంబదియేండ్ల బొమ్మ ఆ యొక్క నవ్వుతో క్రొత్తదైనది.

మఱునాడు అది ఛోటా భీముని పెట్టి, "ఇప్పుడు నువ్వు చూడు" అన్నది. చూచితిమి. న్యాయమైన బేరమే. చదువరులారా, మీ యింటను ఈ బేరము కుదుర్చుకొనుడు: వారిది మీరు చూడుడు, మీది వారికి చూపుడు. ఆ యరగంట తీఱిక లేనివారికి పాతబొమ్మలు పోయెనని యేడ్చు నధికారము లేదు.