కుర్చీ చేతి మీద తువ్వాలు

మా మదరసా కార్యాలయంలో మున్షీ సాహెబ్ కూర్చునే తిరుగుడు కుర్చీ ఒకటి ఉన్నది. దాని కుడి చేతి మీద మడత పెట్టిన పాత తువ్వాలు నాడాతో కట్టి ఉండేది. దాదాపు రెండేళ్లపాటు నేను ప్రతిదినం ఆ బల్లకు ఎదురుగా కూర్చుని లెక్కలు చూశాను, రసీదు పుస్తకాల మీద సంతకాలు చేశాను. చెమట తుడుచుకోవడానికి పెట్టుకున్నారు కాబోలు అనుకున్నానే తప్ప, ఆ తువ్వాలు అక్కడ ఎందుకున్నదని ఒక్కనాడూ అడగలేదు.

చివరకు నా చేత అడిగించినది ఆయన చేతిరాత. పదిహేనేళ్లుగా మా రసీదులు రాస్తున్న చేయి అది. ఉర్దూ అయినా, తెలుగు అయినా అక్షరం పొందికగా కూర్చుంటుంది. గడచిన రమజాన్‌కు ముందు పాత రసీదులు తిరగేస్తుండగా గీతలు ఒక పక్కకు ఒరిగి, అక్కడక్కడ కలం జారిన గుర్తులు కనిపించాయి.

“కళ్లద్దాలు మార్చుకోవాలేమో, మున్షీ సాబ్” అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు చాచి చూపించారు. “కళ్లు బాగానే ఉన్నాయి, మౌలానా సాబ్. జుహ్ర్ వేళకల్లా ఈ రెండు వేళ్లూ తిమ్మిరెక్కుతున్నాయి. కలం పట్టు నిలవడం లేదు.”

నాడా విప్పి తువ్వాలు తీసి చూశాను. దాని కింద మెత్త అనదగినది ఏమీ మిగలలేదు. రెక్సిన్ తొడుగు చిట్లి పొరలుగా లేచిపోయింది. లోపలి నురుగు పొడి అయి రాలిపోయింది. చెక్క పలక అంచు, బోల్టు పట్టుకునే ఇనుప బిళ్ల పైకి తేలి ఉన్నాయి. అరవయ్యేళ్లు దాటిన మనిషి రోజుకు ఏడెనిమిది గంటలు ఆ పలక మీద మోచేయి ఆనించి రాస్తున్నారు.

“ఇంతకాలం చెప్పలేదేమి?” అని అడిగాను.

“ఏమని చెప్పను? ఇది చందా డబ్బు. పిల్లల అన్నానికీ, చదువుకూ ఇచ్చినది. నా మోచేతికి ఖర్చు పెట్టమని ఎవరు ఇచ్చారు?”

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజానికి జవాబు నాకు తెలుసు. ఏటా విద్యార్థులకు పాఠం చెబుతూనే ఉన్నాను. హనఫీ ఫిఖ్హ్‌లో వక్ఫ్ ప్రకరణం తెరిస్తే ఒక నియమం కనిపిస్తుంది: వక్ఫ్ ఆదాయంలో మొట్టమొదటి ఖర్చు దాని మరమ్మతుకే. దాత ఆ షరతు రాసినా, రాయకపోయినా అంతే. ఎందుకంటే తాను ఇచ్చినది నిలిచి ఉండాలని, దాని మేలు కొనసాగాలని దాత కోరిక. మరమ్మతు లేనిదే ఏదీ నిలవదు.

ఈ కుర్చీ వక్ఫ్ ఆస్తి అని నేను ఫత్వా చెప్పడం లేదు. ఆ నియమంలోని వివేకం కుర్చీకీ వర్తిస్తుందని మాత్రమే అంటున్నాను. ఈ వివేకాన్ని ఇన్నేళ్లు గోడలకూ, పైకప్పులకూ అన్వయించి చెప్పాను. ఎదుట ఉన్న కుర్చీ చేతి దాకా నా చూపు రాలేదు. మున్షీ సాహెబ్ అమానత్‌ను కాపాడాలనే తన చేతిని పాడు చేసుకుంటున్నారు. ఆయనకు తప్పు చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవలసి వచ్చింది.

మరునాడు ఆయనను వైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్నలలో ఒకటి, “మోచేయి దేని మీద ఆనిస్తారు?” అని. మోచేతికి ఏదైనా తగిలినప్పుడు జివ్వుమని వేళ్ల దాకా పాకే అనుభవం అందరికీ ఉన్నదే. అది అల్నార్ అనే నాడి. మోచేతి లోపలి వైపు ఎముక వెనుకగా, దాదాపు చర్మం కిందనే సాగి, చిటికెన వేలికీ ఉంగరపు వేలి సగానికీ స్పర్శను ఇస్తుంది. అక్కడ దానికి కండ రక్షణ లేదు. గట్టి అంచు మీద గంటల తరబడి ఒత్తుకుంటే తిమ్మిరి మొదలవుతుంది. నిర్లక్ష్యం చేస్తే పట్టు కూడా సన్నగిల్లుతుంది. మోచేయి ఎక్కువసేపు మడిచి ఉంచినా ఆ నాడి మీద ఒత్తిడి పెరుగుతుంది కనుక, చేయి మడిచి తల కింద పెట్టుకుని నిద్రించవద్దని, ఫోను చెవి దగ్గర పట్టుకుని దీర్ఘంగా మాట్లాడవద్దని ఆయన హెచ్చరించారు.

ఇక కుర్చీ సంగతి. కమిటీలో ఒక పెద్దమనిషి “అది పాతబడింది, కొత్తది కొందాము” అన్నారు. చక్రాలు తిరుగుతున్నాయి, ఎత్తు సర్దే గొట్టం పనిచేస్తున్నది, వీపు ఆనే పలక దృఢంగా ఉన్నది. పాడైనది జానెడు మెత్త మాత్రమే. దాని కోసం వేల రూపాయల కుర్చీని పారవేయడం దుబారా కాక మరేమిటి?

అయితే మరమ్మతుకు పూనుకుని నేను చేసిన మొదటి పని కూడా దుబారా అయ్యేదే. కొలతలు తీసుకోకుండా, చూడటానికి ఒకటే మాదిరిగా ఉన్నాయని కొత్త మెత్తల జత తెప్పించాను. వచ్చిన తరువాత చూస్తే బోల్టు రంధ్రాలు కలియలేదు, తిరిగి పంపవలసి వచ్చింది. మీరు ఆ పొరపాటు చేయకుండా క్రమం చెబుతాను.

మొదట కుర్చీని వెల్లకిలా తిప్పి, చేతి అడుగు భాగం చూడండి. సాధారణంగా మెత్తను కింది నుండి రెండు, మూడు లేక నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. కొన్నిటికి అలెన్ కీ కావాలి, కొన్నిటికి స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. విప్పేముందు ఫోనుతో ఫోటో తీయండి. తీసిన మెత్తల మీద కుడి, ఎడమ అని రాసి పెట్టండి. కొన్ని కుర్చీలకు రెండూ ఒకటి కావు.

తరువాత స్కేలుతో ఒక రంధ్రం నడిమి నుండి మరొక రంధ్రం నడిమి వరకు కొలవండి. పొడవు వైపు, వెడల్పు వైపు రెండు కొలతలూ కావాలి. కొనే మెత్తకు ముఖ్యమైనది ఈ కొలతే. బోల్టు ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లండి. లావు, మర సరిపోతే చాలదు, పొడవు కూడా సరిపోవాలి. పొట్టిదైతే పట్టు ఉండదు. పొడవైనదైతే పలకను దాటి మెత్తలోకి పొడుచుకువచ్చి, మళ్లీ మోచేతికే తగులుతుంది.

బిగించేటప్పుడు ఒక్క బోల్టునే చివరిదాకా తిప్పరాదు. అన్నిటినీ ముందు చేతితో రెండు మూడు చుట్లు ఎక్కించి, తరువాత ఒకదాని వెంట ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. కదలిక ఆగగానే ఆపాలి. బలమంతా చూపితే చెక్కలోనో, ప్లాస్టిక్‌లోనో మర అరిగిపోయి, ఇక ఎంత తిప్పినా పట్టదు.

మా కుర్చీ పాత నమూనా. సరిపోయే మెత్తలు దొరకలేదు. అప్పుడు మా వీధి చివర మోటారు సైకిళ్లకు, ఆటోలకు సీట్లు కుట్టే సోదరుడు గుర్తుకు వచ్చాడు. తరతరాలుగా దూదేకి, పరుపులు కుట్టి బతికిన నూర్‌బాషా కుటుంబం వారిది. నేను మెత్తలు ఇవ్వగానే అతడు పలకను తట్టి చూసి, “చెక్క బాగుంది హజ్రత్, పారేయకండి” అన్నాడు. పాత నురుగు గీకివేశాడు. అడుగున గట్టి నురుగు, దాని మీద సన్నని మెత్తని నురుగు అంటించాడు. అంతా మెత్తనిదే వేస్తే నెలకే అణగారి, మోచేయి మళ్లీ చెక్కను తాకుతుందట. అంచులు గుండ్రంగా కోశాడు. రెక్సిన్ కప్పి, కుట్టు పైకి రాకుండా అడుగునకు మళ్లించి పిన్నులు కొట్టాడు. ఎడమ వైపు ఇంకా బాగానే ఉన్నదన్నా వినలేదు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయితే మనిషి పక్కకు ఒరుగుతాడని రెండూ చేశాడు.

ఇవి ఎందుకు ఇంత త్వరగా పాడవుతాయని అడిగితే, అతడు చేయి తుడుచుకుంటూ “చెమట, ఉక్క” అన్నాడు. మాది సముద్రతీర పట్టణం. ఈ రకపు తొడుగులలో, నురుగులో ఉండేది పాలియురెథేన్. గాలిలోని తేమ, వేడి, చెమట, చర్మపు జిడ్డు దానిని నెమ్మదిగా విడగొడతాయి. మొదట జిగట, తరువాత పగుళ్లు, చివరకు పొడి. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే కొంతకాలం ఎక్కువ నిలుస్తుంది. స్పిరిటు కలిసిన ద్రవాలతో మాటిమాటికీ తుడవడం పై పూతకు మంచిది కాదు.

ఇంట్లో కుట్టుమిషను ఉన్న సోదరీమణులు దీనికి నూలు గుడ్డ తొడుగు కుట్టవచ్చు. అంచున ఎలాస్టిక్ వేస్తే తీసి ఉతకడం సులభం. కాని పాడైన మెత్త మీదనే తొడుగు వేసి దాచవద్దు. అది మా తువ్వాలు వంటిదే అవుతుంది. మరీ మందంగా వేసినా చేయి ఎత్తు పెరిగి భుజాలు పైకి లేస్తాయి. భుజాలు వదులుగా ఉండి, మోచేయి దాదాపు సమకోణంలో వంగి, మెత్త మీద తేలికగా ఆనితే ఎత్తు సరిపోయినట్లు.

నురుగు, రెక్సిన్, కూలి అన్నీ కలిసి 650 రూపాయలు అయ్యాయి. ఖర్చుల పద్దులో మున్షీ సాహెబ్ స్వహస్తంతో “కార్యాలయపు కుర్చీ మరమ్మతు” అని రాశారు. ఆ పంక్తి కాస్త వంకరగానే ఉన్నది. తిమ్మిరి ఇప్పుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. నాడి కోలుకోవడానికి నెలలు పట్టవచ్చని వైద్యుడు చెప్పారు. రెండేళ్ల ముందే నేను అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ప్రియ పాఠకులారా! ఇంటి నుండి ఉద్యోగం చేసే కుమారుడు, పరీక్షలకు చదివే కుమార్తె, దుకాణంలో లెక్కలు రాసే ముసలి గుమాస్తా కూర్చునే కుర్చీల చేతులను ఈ వారం ఒకసారి తడిమి చూడండి. గుడ్డ ఏదైనా చుట్టి ఉంటే విప్పి చూడండి. ఎందుకు చుట్టారో వారినే అడగండి. మన కోసం శ్రమిస్తూ, అడగడానికి మొహమాటపడేవారి ఇబ్బందిని గుర్తించే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.