టైరు రాసుకుంటోందా? కట్టర్ పక్కన పెట్టండి

మా ఆపా కొడుక్కి బండ్ల షౌక్. పోయిన ఏడాది ఏడు సీట్ల ఎస్‌యూవీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నెల తిరక్కుండానే దానికి పెద్ద టైర్లు, బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ వీల్స్ వేయించాడు. మొహల్లా పిల్లలంతా చుట్టూ చేరి "క్యా లుక్ హై భాయ్!" అన్నారు. వాడి ముఖంలో ఈద్ కా చాంద్ కనిపించింది.

తర్వాతి వారం నల్లగొండలో వలీమా దావత్. ఏడుగురం ఎక్కాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వెనక చక్రాల దగ్గర 'గర్ర్' మని చప్పుడు. ఫంక్షన్ హాలు గలీలోకి తిరిగేందుకు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నుంచి ఇంకో 'గర్ర్'. "బేటా, బండి ఏడుస్తుందిరా" అంది మా అమ్మీ. వాడు పాటల సౌండ్ పెంచాడు.

నా షికాయత్ అదే. టైరు రాసుకుంటే మన పిల్లలకి తెలిసిన ఇలాజ్‌లు రెండే: సౌండ్ పెంచడం, లేదంటే కోసేయడం. మర్నాడు వీల్స్ బిగించిన షాపుకి పోతే వాళ్లు కట్టర్ బయటికి తీశారు. "లోపలి ప్లాస్టిక్ కోసేద్దాం భాయ్, పది నిమిషాల పని" అన్నారు. టైరు ఎక్కడ తగులుతుందో వంగి చూసినవాడు లేడు.

అక్కడ్నుంచి బండిని మా అబ్బా కాలం నాటి మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి పట్టుకుపోయాను. "కాట్నా నక్కో, పహ్లే దేఖో" అన్నాడాయన. చాక్‌పీస్ తెప్పించి టైర్ల అంచులకి దట్టంగా పూశాడు. ఐదుగురిని ఎక్కించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పిస్తూ, గుంతల్లోంచి నడిపించాడు. తెల్ల మరక ఎక్కడ అంటితే మరజ్ అక్కడే. ముందు బంపర్ మూలన, వెనక చక్రాల పైన అంటింది. ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ అయితే అప్పటికే అరిగి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి వైరింగ్ కనిపిస్తోంది. షాపువాళ్ల మాట విని లైనర్ కోయించి ఉంటే వానాకాలంలో బురద, కంకర నేరుగా ఆ వైర్ల మీదే పడేవి.

హిసాబ్ చూద్దాం. కంపెనీ ఇచ్చింది 265/60 ఆర్18. దాని ఎత్తు సుమారు 775 మిల్లీమీటర్లు. మావాడు వేసింది 285/65 ఆర్18, అంటే 828. టైరు చుట్టూ 26 మిల్లీమీటర్లు పెరిగింది, వెడల్పు 20 పెరిగింది. పైగా కొత్త వీల్స్ ఆఫ్‌సెట్ తక్కువ కాబట్టి చక్రం బయటికి జరిగింది. స్టీరింగ్ తిప్పినప్పుడు అది ఇంకా పెద్ద చుట్టు తిరుగుతుంది, బంపర్ మూలకి తగులుతుంది. మీటరు మోసం వేరే: ముల్లు అదే అంకె మీద ఉన్నా బండి మునుపటికంటే దాదాపు 7 శాతం వేగంగా పోతుంటుంది.

"లిఫ్ట్ కిట్ వేద్దాం మామూ" అన్నాడు భాంజా. లిఫ్ట్ చేస్తే పైన ఖాళీ వస్తుంది, నిజమే. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు బంపర్‌కి తగిలే టైరుకి దానితో పెద్ద ఫాయిదా లేదు. స్పేసర్లు లోపలి వైపు రాసుకునే టైరుకే పనికొస్తాయి. బయటి వైపు తగిలేదానికి అవి ఇంకా నుక్సాన్.

షౌక్ తప్పని నేననను. మడ్ ఫ్లాప్ అంచు తగిలితే కాస్త కత్తిరించండి. లైనర్ క్లిప్పు ఊడి వేలాడుతుంటే బిగించండి. కొంచెమే తగిలే లైనర్‌ని హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కచ్చు. కానీ టైరు బాడీ రేకుకో, బ్రేక్ హోస్‌కో, సస్పెన్షన్‌కో తగులుతుంటే అక్కడ జుగాడ్ నడవదు. సైజు తగ్గించడమే ఇలాజ్.

కానూన్ సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీం కోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. రేపు ఖుదా నఖాస్తా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఈ మార్పులనే.

మావాడు రెండు రోజులు అలిగాడు. తర్వాత ఆ టైర్లు, వీల్స్ 31,000 నష్టానికి అమ్మి పాత సైజుకే వచ్చాడు. లైనర్ కొత్తది వేయించాడు. మొన్న అదే ఏడుగురం మళ్లీ నల్లగొండ పోయొచ్చాం. అమ్మీ దారంతా నిద్రపోయింది.

నా గుజారిష్ ఒక్కటే. పిల్లలు పెద్ద టైర్లు కావాలని జిద్ద్ చేస్తే, డబ్బు కట్టకముందే ఒక వీల్ బిగించి చూడమనండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడమనండి. షేర్వానీ కుట్టించేటప్పుడు ఒంటి కొలత తీసుకుంటాం కదా, బండికీ ఒక ఒళ్లుంది. అందులో కూర్చునేది మన అమ్మీలు, మన బచ్చాలు.